కీక్యాప్ సెట్టులో ఏ కీలు ఉండాలి? బెజవాడ, గుంటూరు మిత్రులం వేసుకున్న లెక్క

కీక్యాప్ అంటే కీబోర్డు మీటల మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగు. రెండేళ్ల కిందట నేను కొన్న తొలి కీక్యాప్ సెట్టులో కుడివైపు షిఫ్ట్ కీ ఉంది గానీ నా కీబోర్డుకు పట్టలేదు. నా బోర్డులో ఆ చోటు వెడల్పు 1.75 యూనిట్లు, అంటే మామూలు అక్షరం కీకి 1.75 రెట్లు. సెట్టులో ఇచ్చింది 2.75. అమ్మిన దుకాణం పేజీలో మాత్రం ‘అన్ని కీబోర్డులకూ సరిపోతుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సెట్టులోని క్యాప్స్‌లాక్ వెడల్పు సరిగ్గా 1.75 కాబట్టి, దాన్ని తెచ్చి షిఫ్ట్ చోట బిగించాను. వెడల్పు కుదిరింది, వాలు కుదరలేదు. పక్కనున్న కీలన్నీ ఒక తీరుగా వాలి ఉంటే ఇదొక్కటి వేరే తీరుగా నిలబడింది. ప్రశ్నార్థకం కొట్టబోయిన ప్రతిసారీ చిటికెన వేలు దాని అంచుకు తగిలేది. నాలుగు వేల రూపాయల సెట్టు, ఒక్క కీ దగ్గర రోజూ పంటి కింద రాయి.

ఆ తరువాత విజయవాడ, గుంటూరుల నుంచి పదహారు మందిమి కలిసి తెలుగు అక్షరాలున్న సెట్టు ఒకటి చేయించుకోవాలనుకున్నాం. రంగుల గురించి అరగంట మాట్లాడుకున్నాం, ఏ కీలు ఉండాలన్న దాని గురించి మూడు నెలలు. సొంతంగా సెట్టు గీయించుకునేవారికీ, పదిమందితో కలిసి ఉమ్మడిగా కొనేవారికీ, తయారైన సెట్టు కొనేముందు తమ బోర్డుకు సరిపోతుందో లేదో చూసుకోవాలనుకునేవారికీ ఆ మూడు నెలల లెక్క పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా: కీ అంటే దాని మీది అక్షరం కాదు

కొత్తవాళ్లు కీల జాబితాను ఎస్కేప్, ట్యాబ్, ఎంటర్ అంటూ పేర్లతో రాస్తారు. ఫ్యాక్టరీకి ఆ పేర్లతో పని లేదు. ప్రతి కీకి మూడు సంగతులుంటాయి: వెడల్పు, ఏ వరుస ఎత్తులో పోత పోసింది, మీద ఏం రాసింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా అది వేరే కీ.

వెడల్పును యూనిట్లలో కొలుస్తారు. మామూలు అక్షరం కీ 1 యూనిట్, అంటే ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు. పాత లెక్కలో ముప్పావు అంగుళం. కీక్యాప్ అంతకంటే కాస్త తక్కువ, సుమారు 18 మిల్లీమీటర్లు ఉంటుంది. ట్యాబ్ 1.5, క్యాప్స్‌లాక్ 1.75, ఎడమ షిఫ్ట్ 2.25, మామూలు స్పేస్‌బార్ 6.25. ఈ లెక్కంతా చెర్రీ తరహా స్విచ్‌లది, అంటే పైన కూడిక గుర్తులాంటి కాడ ఉండేవాటిది. ఎత్తు తక్కువుండే లోప్రొఫైల్ స్విచ్‌లలో కొన్నిటికి కాడా వేరు, కీల మధ్య దూరమూ వేరు.

ఎత్తు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ప్రొఫైల్ అంటే వరుసల్లో కీల ఎత్తూ వాలూ ఉండే తీరు. చెర్రీ ప్రొఫైల్‌లో నాలుగు రకాల పోతలుంటాయి. అంకెల వరుస ఆర్1, క్యూ వరుస ఆర్2, ఏ వరుస ఆర్3, జెడ్ వరుస ఆర్4. పైనుండే ఎఫ్1, ఎఫ్2ల వరుస కూడా ఆర్1లోనే, కిందనుండే స్పేస్‌బార్ వరుస కూడా ఆర్4లోనే వస్తాయి. నేను షిఫ్ట్ చోట బిగించిన క్యాప్స్‌లాక్ ఆర్3, అక్కడ ఉండాల్సింది ఆర్4. ఎస్ఏ, ఎంటీ3 వంటివి కూడా వరుస వరుసకూ మారే ప్రొఫైళ్లే, కాకపోతే ఎత్తులూ వాలులూ వాటివి వాటికే. డీఎస్ఏ, ఎక్స్‌డీఏల్లో అన్ని వరుసలూ ఒకే ఎత్తు. వాటిని ఎంచుకుంటే ఈ వ్యాసంలో సగం తలనొప్పి తప్పుతుంది, ఒకే కీని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మాకూ ఆ ఆశ పుట్టింది. కానీ పదహారు మందిలో పన్నెండు మందికి చెర్రీ ఎత్తులే చేతికి అలవాటు. అలవాటైన వేళ్లతో వాదించలేం.

మూడో సంగతి, రాత. ఒక కీ ఏ పని చేయాలో క్యూఎంకే, వయా వంటి సాఫ్ట్‌వేర్‌తో నిమిషంలో మార్చుకోవచ్చు. వెడల్పునూ ఎత్తునూ ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. అందుకే జాబితా రాసేటప్పుడు వెడల్పు, ఎత్తు ముందు తేల్చి, రాత ఆఖరున చూడండి.

ఉన్న బోర్డులను లెక్కపెట్టండి, కొనబోయే బోర్డులను కాదు

‘నీకేం కావాలి?’ అని అడిగితే ప్రతివాడూ ఎప్పుడో కొనబోయే కీబోర్డును కూడా కలుపుకొని చెబుతాడు. మేం ఆ ప్రశ్న మానేసి ‘నీ బల్ల మీద ఇప్పుడున్న బోర్డు ఫోటో పంపు’ అన్నాం. ఇరవై ఒక్క ఫోటోలు వచ్చాయి. 65 శాతం బోర్డులు ఎనిమిది, 75 శాతం ఆరు, అంకెల ప్యాడ్ లేని 87 కీలవి మూడు, నిండు 104 కీలవి రెండు, మధ్యలో చీలి రెక్కల్లా ఉండే ఆలిస్ ఒకటి, 7 యూనిట్ల స్పేస్‌బార్ తప్ప వేరేది పట్టనిది ఒకటి.

కొత్తవారికి ఒక మాట. శాతాలంటే మరేమీ లేదు, నిండు కీబోర్డుతో పోలిస్తే ఉజ్జాయింపు పరిమాణం. 75 శాతంలో ఎఫ్ వరుస ఉంటుంది, కీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. 65 శాతంలో ఎఫ్ వరుస ఉండదు, బాణాలుంటాయి. 60లో బాణాలూ ఉండవు.

ఈ ఫోటోల లెక్క చేయకపోతే మేం యూరప్ వాళ్ల ఎల్ ఆకారపు ఎంటర్ కీ చేర్చి ఉండేవాళ్లం. విదేశీ సెట్లలో అది ఉంటుంది కాబట్టి మన సెట్టులోనూ ఉండాలని ఇద్దరు పట్టుబట్టారు. ఆ ఎంటర్‌తో బాటు 1.25 యూనిట్ల ఎడమ షిఫ్ట్, దాని పక్కకు ఒక అదనపు కీ, ఎంటర్ పక్కకు మరొకటి, మొత్తం నాలుగు కావాలి. ఇరవై ఒక్క ఫోటోల్లో ఆ అమరిక ఒక్కటీ లేదు. మన దేశంలో మామూలుగా అమ్ముడయ్యేది అమెరికా అమరికే. నాలుగు కీలూ కొట్టేశాం.

వరుసకు 15 రావాలి

ఇది చిన్న కూడిక, కానీ మేం చేసిన తప్పులన్నీ ముందు దీనికే దొరికాయి. మామూలు అమరికలో అక్షరాల భాగం ఏ వరుసను కూడినా 15 యూనిట్లు రావాలి.

అంకెల వరుసలో 13 చిన్న కీలు, 2 యూనిట్ల బ్యాక్‌స్పేస్. క్యూ వరుసలో 1.5 ట్యాబ్, 12 చిన్నవి, చివర 1.5. ఏ వరుసలో 1.75, 11 చిన్నవి, 2.25 ఎంటర్. జెడ్ వరుసలో 2.25, 10 చిన్నవి, 2.75. కింది వరుసలో 1.25వి మూడు, 6.25 స్పేస్‌బార్, మళ్లీ 1.25వి నాలుగు. ఏది కూడినా 15.

65 శాతం బోర్డులో ప్రతి వరుసకూ 16 వస్తుంది, ఎందుకంటే కుడిచివర ఇంకో నిలువు వరుస ఉంటుంది. జెడ్ వరుస చూడండి: 2.25, 10, ఆ తరువాత 1.75 షిఫ్ట్, 1 పై బాణం, 1 చివరి కీ. 16. నా పాత సెట్టులో 2.75 షిఫ్ట్ ఎందుకు పట్టలేదో ఈ కూడికలోనే తెలుస్తుంది, పై బాణానికి చోటివ్వడానికి షిఫ్ట్ ఒక యూనిట్ కుదించుకుంది. కింది వరుసలో 1.25వి మూడు, 6.25, తరువాత 1 యూనిట్‌వి మూడు, బాణాలు మూడు. ఇదీ 16. అంటే ఆల్ట్, ఎఫ్ఎన్, కంట్రోల్ అనే కీలు 1 యూనిట్ వెడల్పులో కూడా సెట్టులో ఉండాలి. మామూలు 87 కీల జాబితాలో అవి 1.25లోనే ఉంటాయి.

మీ బోర్డు ఫోటో ముందు పెట్టుకుని కాగితం మీద ఇలా వరుస వరుసా కూడండి. 15 గానీ 16 గానీ రాకపోతే ఒక కీ వెడల్పు తప్పు చదివారన్నమాట. అనుమానం వస్తే స్కేలుతో కొలవండి. 1.75 కీ తీసుకునే చోటు దాదాపు 33 మిల్లీమీటర్లు, 2.25 అయితే 43, 2.75 అయితే 52.

కుడి చివరి నిలువు వరుస

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పట్టింది. బయట దొరికే చవక సెట్లు ఎక్కువగా మోసం చేసేదీ ఇక్కడే.

87 కీల బోర్డులో ఇన్సర్ట్, హోమ్, పేజ్‌అప్ అంకెల వరుసకు సమాంతరంగా ఉంటాయి, అంటే ఆర్1. వాటి కిందే డిలీట్, ఎండ్, పేజ్‌డౌన్, అంటే ఆర్2. 65, 75 శాతం బోర్డుల్లో ఇవే కీలు నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. ఆర్1లో ఒకటి, ఆర్2లో ఒకటి, ఆర్3లో ఒకటి, ఆర్4లో ఒకటి. 87 కీల కోసం పోసిన ఎండ్ కీ ఆర్2ది. దాన్ని తెచ్చి ఆర్4 చోట పెడితే, అక్షరాల మధ్య మెట్టు ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది.

సమస్య ఏమిటంటే ఏ కీ ఏ మెట్టు మీద ఉండాలో కంపెనీలకు ఏకాభిప్రాయం లేదు. మా ఫోటోల్లో రెండు తీరులు ఎక్కువగా కనిపించాయి. ఒకదాంట్లో పైనుంచి హోమ్, పేజ్‌అప్, పేజ్‌డౌన్, ఎండ్. రెండోదాంట్లో పేజ్‌అప్, పేజ్‌డౌన్, హోమ్, ఎండ్. కొన్నిట్లో మొట్టమొదట డిలీట్. మేం రెండు తీరులనూ పక్కపక్కన రాసి, మేం మొదలుపెట్టిన 87 కీల జాబితాలో అప్పటికే ఉన్నవాటిని కొట్టేశాం. ఆర్1 హోమ్ ఉంది, ఆర్1 పేజ్‌అప్ ఉంది, ఆర్2 పేజ్‌డౌన్ ఉంది. లేనివి ఐదు మిగిలాయి: ఆర్1 డిలీట్, ఆర్2 పేజ్‌అప్, ఆర్3 పేజ్‌డౌన్, ఆర్3 హోమ్, ఆర్4 ఎండ్.

ఈ ఐదు కీలతో పద్నాలుగు బోర్డుల్లో పదమూడు సర్దుకున్నాయి. పద్నాలుగోది గుంటూరు బ్రాడీపేట మిత్రుడిది, మూడో తీరు. తన కోసం ఆర్2 హోమ్ ఒకటి చేర్చమన్నాడు. కీ పని మార్చుకోవచ్చు గానీ ఎత్తు మార్చుకోలేమన్న సూత్రం ఇక్కడ పనికొచ్చింది. నిలువు వరుస రెండో మెట్టు మీద మేమిచ్చే ఆర్2 పేజ్‌అప్ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆ కీ పనిని మార్చేసుకోమన్నాం. మార్చుకున్నాడు. ఇప్పుడు ఆ అమరికే బాగుందంటున్నాడు.

కాబట్టి 65, 75 బోర్డుల కోసం 87కు చేరినవి ఈ ఐదు, 1.75 షిఫ్ట్ ఒకటి, 1 యూనిట్ ఆల్ట్, ఎఫ్ఎన్, కంట్రోల్ మూడు. మొత్తం తొమ్మిది. ఇక్కడికి 96. ఏ సెట్టు కొనబోయినా ముందు ఈ తొమ్మిదింటి కోసం వెతకండి. ఇవి లేకుండా 104 కీలిచ్చినా 65 శాతం బోర్డు వాళ్లకు ఉపయోగం లేదు.

కింది వరుస

సొంతంగా జోడించుకునే బోర్డుల్లో కొన్నిటికి 7 యూనిట్ల స్పేస్‌బార్ ఉంటుంది. అప్పుడు వరుస ఇలా వస్తుంది: 1.5, 1, 1.5, 7, 1.5, 1, 1.5. కూడండి, 15. దీనికోసం 1.5 కంట్రోల్ రెండు, 1.5 ఆల్ట్ రెండు, 1 యూనిట్ విండోస్ కీ రెండు, స్పేస్‌బార్ ఒకటి, వెరసి ఏడు కీలు. మా లెక్కలో ఇది తప్పనిసరి అయిన బోర్డు ఒక్కటే. కానీ 87 కీల బోర్డుల్లో రెండు ఈ అమరికనూ, మామూలు అమరికనూ రెండింటినీ తీసుకునేవి. మూడు బోర్డులకు ఏడు కీలు అన్నది కాస్త ఖరీదైన బేరమే, అయినా చేర్చాం. 103.

స్పేస్‌బార్‌తో జాగ్రత్త. కీక్యాప్‌లకు వాడే పీబీటీ ప్లాస్టిక్, చల్లారేటప్పుడు ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. పొడవాటి ముక్కలు అరటిపండులా వంగే ప్రమాదముంది. అందుకని కొన్ని ఫ్యాక్టరీలు మిగతా కీలు పీబీటీలో పోసినా, స్పేస్‌బార్ మాత్రం ఏబీఎస్‌లో పోస్తాయి. అప్పుడు రంగులో ఒక పిసరు తేడా వస్తుంది, మెరుపులో ఇంకాస్త. మీకు ఏది పర్వాలేదో ముందే తేల్చుకుని అడగండి.

ఎవరిని వదిలేయాలి

సెట్టును భోజనం ప్లేటులా అనుకోండి. అన్నం, పప్పు, కూర, పులుసు, పెరుగు అందరికీ. స్పెషల్ కూర కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. ఫ్యాక్టరీ కూడా అంతే, మూల సెట్టు ఒకటి, విడి కిట్లు కొన్ని. తేడా ఎక్కడంటే, స్పెషల్ కూర ఒక్కడు అడిగినా హోటల్లో వండుతారు. విడి కిట్టుకు కనీస సంఖ్య ఉంటుంది, అది నిండకపోతే ఆ కిట్టు అసలు పోత పోయరు. కాబట్టి ‘విడి కిట్టులో పెడదాంలే’ అన్న మాట చాలాసార్లు ‘నీకు లేదు’ అనడానికి మర్యాదైన రూపం. ఆ మాట అనేముందు ఆ మనిషి ముఖం చూసి అనాలి.

ఆలిస్ బోర్డు ఒక్కరిదే. దానికి రెండో బీ కీ, 2.25, 2.75 స్పేస్‌బార్లు కావాలి. మూడే కీలు. ఒక్కరి కోసం పదిహేను మంది భరించాలా అని చర్చ జరిగింది. మూడింటి వల్ల మనిషికి పెరిగేది బందరు రోడ్డులో నాలుగు టీల ఖరీదని ఆ మిత్రుడే లెక్కగట్టి, ఆ రోజు అందరికీ టీలు తనే ఇప్పించాడు. చేర్చాం. 106.

అంకెల ప్యాడ్ అంత తేలిగ్గా తెగలేదు. పదిహేడు కీలు, ఇద్దరు మనుషులు. ఒకాయన ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం లెక్కలు రాస్తారు. రోజంతా ఆయన కుడిచెయ్యి అంకెల మీదే ఉంటుంది. మా పదహారు మందిలో కీబోర్డును అందరికంటే ఎక్కువ అరగదీసేది ఆయనే. ఆయనను వదిలేసి, అల్మరాలో పెట్టుకునే బోర్డుకు ఏడు కీలిచ్చిన సెట్టును ఏమనాలి? అలాగని 17 కీలు మూల సెట్టులో కలిపితే అందరి ఖర్చూ పెరుగుతుంది. విడి కిట్టుకు ఇద్దరు చాలరు.

దారి రంగులో దొరికింది. ఫ్యాక్టరీలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే ప్లాస్టిక్ రంగులు కొన్ని ఉంటాయి. మేం ప్రత్యేకంగా కలిపించే రంగు మానేసి, వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండే లేత తెలుపు, బూడిద రంగులకు మారాం. అంకెల ప్యాడ్ మీద తెలుగు అక్షరాలు ఎలాగూ ఉండవు కాబట్టి అదే ఫ్యాక్టరీ, అదే రంగు, అదే ప్రొఫైల్‌లో సిద్ధంగా ఉన్న ప్యాడ్ కీలను ఆ ఇద్దరూ విడిగా కొనుక్కున్నారు. పక్కన పెడితే అక్షరం రాసిన తీరులో తేడా తెలుస్తుంది, రంగులో తెలియదు. విజయవాడ వస్త్రలత బట్టల బజారులో చీరకు జాకెట్టు గుడ్డ వెతికేవారికి ఈ కిటుకు చెప్పక్కర్లేదు, దొరికే రంగు చీర కొంటే జాకెట్టు ఎప్పుడైనా దొరుకుతుంది.

ఇంగ్లిషు అక్షరాలను వేరే చోట్ల పేర్చే డ్వొరాక్, కోల్‌మ్యాక్ అమరికలవాళ్లు మాలో లేరు. ఉంటే మళ్లీ ఎత్తుల గొడవ వచ్చేది, ఒకే అక్షరం వేరే వరుసలోకి వెళుతుంది కాబట్టి.

తెలుగు అక్షరాలు వేస్తే మారే లెక్క

ఇంగ్లిషు సెట్టుకు ఎక్కడైనా సలహా దొరుకుతుంది. ఇది మాత్రం మేమే తడుముకుని నేర్చుకోవాల్సి వచ్చింది.

ఏ అమరిక వేయాలన్నది మొదటి ప్రశ్న. బెజవాడ గవర్నర్‌పేట, గుంటూరు అరండల్‌పేట డీటీపీ కేంద్రాల్లో చేయి తిరిగినవారు చాలామంది అను ఫాంట్లలో యాపిల్ అమరికతో కొడతారు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవారికి కీల మీద తెలుగు అవసరమే లేదు. మేం ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకున్నాం. ప్రభుత్వ ప్రమాణం అదే, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఏమీ ఎక్కించకుండానే ఉంటుంది. పైగా దాని అమరికలో ఒక తర్కం ఉంది. అచ్చులు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద. కే మీద క, ఖ. ఎల్ మీద త, థ. ఓ మీద ద, ధ. అల్పప్రాణం నేరుగా, మహాప్రాణం షిఫ్ట్‌తో.

అచ్చుల కీల మీద గుణింతపు గుర్తు వేయాలా, అచ్చు వేయాలా, రెండూనా? ఎఫ్ కీ నేరుగా కొడితే గుడి, షిఫ్ట్‌తో ఇ. రెండూ వేసి చూశాం, చుక్కల వలయం మీద గుడి గీసిన బొమ్మ దోమలా కనిపించింది. ఇ ఒక్కటే చాలు, చూసినవాడికి గుడి దానంతట అదే అర్థమవుతుంది. అ ఒక్కటే దీనికి మినహాయింపు. దానికి విడిగా కొట్టాల్సిన గుణింతపు గుర్తు లేదు కాబట్టి, డీ కీ మీద షిఫ్ట్ లేకుండా ఉండే చోటును పొల్లుకు ఇచ్చారు. ఒత్తు రాయాలన్న ప్రతిసారీ తగిలే కీ అది, అందుకే దాని మీద రెండూ వేశాం. అంకెల వరుసలో షిఫ్ట్‌తో వచ్చే క్ష, జ్ఞ వంటివి వేయలేదు. పొల్లుతో ఎలాగూ రాసుకోవచ్చు, అంకెల కీలు శుభ్రంగా ఉంటాయి.

ఇక అసలు చిక్కు. తెలుగులో హ్రస్వమైన ఎ, ఒ ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎ జెడ్ కీ మీద కూర్చుంది, ఒ అంకెల వరుసలో అందరికంటే ఎడమన, 1కి ముందుండే కీ మీద కూర్చుంది. ఇంగ్లిషు రాసేవారు ఏడాదికోసారి కూడా తాకని కీ అది. అందుకే 65 శాతం బోర్డుల్లో ఆ చోటును ఎస్కేప్‌కు ఇచ్చేసి, ఆ పాత కీని ఎఫ్ఎన్ నొక్కితేనే వచ్చేలా లోపల దాచేస్తారు. ఇంగ్లిషుకు నష్టం లేదు. తెలుగులో ‘ఒక’, ‘కొత్త’, ‘పొద్దున’, ‘రొట్టె’ అని రాయాలన్న ప్రతిసారీ రెండు కీలు పట్టుకోవాలి. మా ఇరవై ఒక్క బోర్డుల్లో ఎనిమిది అవే.

చాలా చిన్న సెట్లలో ఆ కీని అనవసరమని తీసేస్తారు. మేం దాన్ని తప్పనిసరి జాబితాలో పెట్టడమే కాక, దాని మీద ఒ వేయించాం. అది ఆర్1 కాబట్టి, 65 శాతం బోర్డులో కుడి నిలువు వరుస పైమెట్టు మీద సరిగ్గా అమరుతుంది. అక్కడున్న కీ తీసేసి దీన్ని పెట్టుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆ పని అప్పగిస్తే చాలు. చేయి కొంచెం దూరం వెళ్లాలి, కానీ ఒక్క వేలితో అయిపోతుంది. అదనంగా ఒక్క కీ కూడా పోయించాల్సిన పని పడలేదు.

ఎఫ్, జే కీల మీద వేలికి తగిలే గీత ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో అవి ఇ, ర. చోటు మారలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

అక్షరాల పరిమాణం మీద వారం రోజులు పోయాయి. 1 యూనిట్ కీ పైముఖం గోరంత. దాని మీద ఇంగ్లిషు అక్షరం ఒకటి, తెలుగు అక్షరాలు రెండు. మండలి, రామభద్ర వంటి ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, ఖర్చు లేదు. రామభద్ర మందంగా ఉంటుంది కదా, బాగా కనిపిస్తుందనుకున్నాం. నాలుగు మిల్లీమీటర్లకు కుదించేసరికి థ లోపలి చుక్క పూడుకుపోయి ధలా కనిపించింది. మండలిలో చుక్క బతికింది గానీ గీతలు సన్నబడ్డాయి. చివరికి మండలినే కొంచెం మందం చేశాం. దీనికి తెర మీద చూడటం చాలదు. అసలు కొలతలో కాగితం మీద ముద్రించి, గళ్లు కత్తిరించి, పాత కీక్యాప్‌ల మీద అంటించి వారం రోజులు వాడండి. థకూ ధకూ, ఒకూ ఓకూ తేడా మోచేతి దూరం నుంచి తెలిస్తేనే ఫైలు పంపండి.

రాత వేసే పద్ధతి కూడా ఏ కీలు పెట్టుకోగలమో నిర్ణయిస్తుంది. రెండు ప్లాస్టిక్‌లను కలిపి పోసే డబుల్‌షాట్ పద్ధతిలో ప్రతి అక్షరానికీ ప్రత్యేకంగా అచ్చు చేయాలి. జర్మనీలోని జీఎంకే వంటి సంస్థల పేరు మోగేది దాని నాణ్యత వల్లే. అక్షరం చెరిగిపోవడమన్నది ఉండదు. కానీ పదహారు మందికి తెలుగు అచ్చులు చేయించడమంటే ఇళ్లు అమ్ముకోవాలి. వేడితో రంగును ప్లాస్టిక్‌లోకి ఇంకించే డై సబ్లిమేషన్‌లో అక్షరం ఎన్నిసార్లు మార్చినా అచ్చు మారదు. దాని పరిమితి ఒకటే, లేత ప్లాస్టిక్ మీద ముదురు రంగు ఇంకుతుంది, నల్ల కీ మీద తెల్ల అక్షరం నేరుగా రాదు. నల్ల సెట్టు కావాలన్న నలుగురు ఇక్కడ మెత్తబడ్డారు.

ఫ్యాక్టరీని ముందే అడగండి

గీయడం మొదలుపెట్టకముందే వాళ్ల దగ్గర ఏయే అచ్చులున్నాయో జాబితా తెప్పించుకోండి. మేం ఆలస్యంగా అడిగి, సగం దిగువకు తగ్గి ఉండే మెట్టు క్యాప్స్‌లాక్ అచ్చు వాళ్ల దగ్గర లేదని అప్పుడు తెలుసుకున్నాం. 7 యూనిట్ల స్పేస్‌బార్, 2.25, 2.75 స్పేస్‌బార్లు, ఆర్4లో 1.75, ఈ నాలుగూ పేరుపేరునా అడగాలి. ఆర్4లో అని నొక్కి చెప్పాలి, లేకపోతే ‘1.75 ఉంది’ అని చెప్పి క్యాప్స్‌లాక్ చూపిస్తారు. నాకు తెలుసు.

బొమ్మ కీలు

వద్దన్నా వస్తాయి. విజయవాడ వాళ్లు ప్రకాశం బ్యారేజీ గేట్లు గీయమన్నారు, గుంటూరు వాళ్లు మిరపకాయ. గంటసేపు కృష్ణకు అటూ ఇటూ వాదన సాగింది. బొమ్మలకు నా నియమం ఒక్కటే: ఏ బోర్డులోనైనా పట్టే ఎత్తులో ఉండాలి. ఆర్1, 1 యూనిట్ అయితే ప్రతి బోర్డులోనూ ఎస్కేప్ చోట పెట్టుకోవచ్చు. స్పేస్‌బార్ మీద బొమ్మలు అందంగా ఉంటాయి గానీ, సెట్టు కొన్న అందరి బోర్డులకూ పట్టవు. రెండు ఎస్కేప్‌లు వేశాం, ఒకటి బ్యారేజీ, ఒకటి మిరపకాయ. 108 అయింది. అష్టోత్తరం పూర్తయిందని ఒకరు దణ్ణం పెట్టారు. కావాలని చేసింది కాదు.

65 శాతం బోర్డుకు పట్టేవి దాదాపు 68. మిగతా నలభై డబ్బాలోనే ఉంటాయి. ఈ మాట డబ్బు తీసుకునేముందే చెప్పండి, లేకపోతే పెట్టె విప్పిన రోజు ‘సగం కీలు వృథా’ అని ఫోన్లు వస్తాయి.

పంపేముందు

చివరి ఫైలులో ఒక్కో కీకి ఒక్కో గడి కాకుండా, ఒక్కో రకానికి ఒక్కో వరుస రాయండి: ఎత్తు, వెడల్పు, రాత, రంగు, ఎన్ని. ఇరవై ఒక్క ఫోటోలనూ మళ్లీ తెరిచి, ఒక్కో బోర్డునూ ఈ జాబితాతో కాగితం మీద నింపి చూడండి. ఒకరి బోర్డును ఇంకొకరు నింపాలి, ఎవరి బోర్డు వాళ్లు నింపితే కళ్లు లేనిదాన్ని కూడా ఉన్నట్టు చదువుతాయి.

‘ఎన్ని’ అన్న గడి దగ్గర ఆగి చూడండి. మా జాబితాలో 1.5 కంట్రోల్ ఎదురుగా 1 అని ఉంది. కీబోర్డుకు కంట్రోల్ కీలు రెండు. ఆటోనగర్ ఆయనే పట్టుకున్నారు. తన బోర్డులో ఆ కీ లేనే లేదు, కానీ కూడితే 108 రావాల్సింది 107 వచ్చిందని.